తలుపు బయట వేసిన ముడి

దేవసహాయం మేష్టారికి ఒక అలవాటుండేది. అడిగిన ప్రశ్నకి అడిగిన చోట జవాబు చెప్పేవారు కాదు. "చూద్దాం నాయనా" అని ఊరుకునేవారు. ఆ చూడడానికి ఒక్కోసారి వారం పట్టేది, ఒక్కోసారి ఏడాది పట్టేది. అడిగినవాడు తన ప్రశ్న మరిచిపోయి తన మానాన తానుండగా, ఏ కాఫీ తాగుతున్నప్పుడో, ఏ గొడుగు ముడుస్తున్నప్పుడో జవాబు వచ్చి ఎదురుగా నిలబడేది. హైస్కూల్లో హెడ్మాస్టరుగా ఉన్నంతకాలం పిల్లల్ని అలాగే ఏడిపించారని ఆయన పాత శిష్యులు చెప్పుకునేవారు. రిటైరయ్యాక ఆ బాధ పడడం ఫ్రీమేసన్ సోదరుల వంతయింది.

ఆ సోదరుల బంగళా కాకినాడలో, జగన్నాథపురం వంతెన దాటి రేవు వైపు వెళ్ళే రోడ్డు మీద ఉండేది. ఓడల మీద వచ్చిన తెల్లదొరలు కట్టుకున్న బంగళా. ముందు లావుపాటి స్తంభాలు, వాటి పైన రాతిలో చెక్కిన మూలమట్టం, కంపాసు. కిటికీలు మూసి ఉంటాయి కాబట్టి ఊళ్ళో సగం మంది దాన్ని దెయ్యాల బంగళా అనేవారు. ఫ్రీమేసన్లు తమ సభని లాడ్జి అంటారని తెలియని తక్కిన సగం మంది గేటు మీద లాడ్జి అన్న బోర్డు చూసి, పెట్టె పట్టుకుని లోపలికొచ్చి, రూములున్నాయా అని అడిగేవారు. నిజం చెప్పాలంటే అక్కడ దెయ్యాలూ లేవు, రూములూ లేవు. నెలకో శనివారం సాయంత్రం కొందరు పెద్దమనుషులు చేరేవారు. డాక్టర్లు, ప్లీడర్లు, కలప వర్తకులు, ఒక స్టేషను మాస్టరు. అందరూ ఒకరినొకరు సోదరా అని పిలుచుకునేవారు. బల్ల మీద గీత, ఖురాను, బైబిలు పక్కపక్కనే ఉండేవి. ఎవరి పుస్తకం మీద వాళ్ళు చెయ్యి వేసి ఒట్టు పెట్టుకునేవారు.

ఏమిటా ఒట్టు అంటే, సోదరుడి రహస్యం నా రహస్యమని.

పూర్వం ఎక్కడో చలిదేశాల్లో పెద్దపెద్ద గుళ్ళు కట్టిన రాతిపనివాళ్ళ సంఘానికి తాము వారసులమని వాళ్ళ నమ్మకం. ఆ రాతిపని ఎప్పుడో పోయింది. పనిముట్లు మాత్రం మిగిలి, మనిషి నడవడికి గుర్తులయ్యాయి. మట్టపు పలక అంటే అందరూ ఒక్క ఎత్తేనని. తాడుకి వేలాడే గుండు అంటే నిటారుగా బతకమని. రాయి చెక్కేవాడు రజను ఎగిరి పొట్టకి తగలకుండా తోలు కట్టుకునేవాడట. అదే ఇప్పుడు తెల్లటి గొర్రెపిల్ల తోలు ఏప్రన్ అయింది. అది నడుముకి కట్టుకోకుండా ఎంతటివాడైనా లోపలికి రాకూడదు. జిల్లా జడ్జి వచ్చినా ఆ తోలుముక్క కట్టుకునే రావాలి. దాని పట్టీలు వెనక్కి తిప్పి నడుం వెనకాల ముడి వేసుకోవాలి.

ఇంకో ఆచారం ఉంది. లోపల సభ జరుగుతున్నంతసేపూ ఒక సోదరుడు కత్తి పట్టుకుని తలుపు బయట నిలబడాలి. ఆయన్ని ద్వారపాలకుడు అనేవారు. లోపల ఏం మాట్లాడుకున్నారో ఆయనకి వినపడదు. వచ్చిన ప్రతివాణ్ణీ ఆపి ఒక్క మాట అడగడం ఆయన పని. "లోపలున్న సోదరుల్లో ఎవరితోనైనా నీకు పేచీ ఉందా?" లేదంటే వదిలిపెడతాడు. ఉందంటే ఆ రెండోవాణ్ణి బయటికి పిలవాలి. ఇద్దరూ అక్కడే తేల్చుకుని కలిసి లోపలికి వెళ్ళాలి. తేలకపోతే ఇద్దరూ ఇంటికి పోవాలి. పేచీ మొహాలు పెట్టుకుని ఆ తోలు కట్టుకోకూడదన్నది నియమం.

ఒక శనివారం సభ ముగిసింది. అందరూ భోజనాలకి వెనక హాల్లోకి వెళ్ళిపోయారు. డాక్టరు విరూపాక్షం ఒక్కడూ కిటికీ తెరిచి, సముద్రపు గాలికి మొహం పెట్టి నిలబడ్డాడు. ఏప్రన్ ఇంకా విప్పలేదు. వెనకాల మేష్టారు బల్ల మీద గుడ్డ మడతపెడుతున్నారు. రాబోయే ఏడాదికి విరూపాక్షాన్నే సభకి పెద్దగా ఎన్నుకున్నారు. వచ్చే నెల అతను తూర్పు దిక్కున ఉండే పెద్ద కుర్చీలో కూర్చుంటాడు. సూర్యుడు తూర్పున ఉదయించినట్టు సభకి వెలుగు అక్కణ్ణించి రావాలని ఆ కుర్చీని అటు వేశారు. కూర్చున్న కొత్త పెద్ద చేసే మొదటి పని, ఆ ఏడాదికి ద్వారపాలకుడెవరో చెప్పి కత్తి అతని చేతికివ్వడం.

విరూపాక్షం వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"మేష్టారూ, ఒక్క రహస్యం కడుపులో దాచుకోలేనివాణ్ణి మన తలుపుకి కాపలా పెట్టడం ఏం న్యాయమండీ?"

 గుడ్డ మడత పెడుతున్న చప్పుడు ఆగింది. మేష్టారు ఎప్పటి మాటే అన్నారు.

"చూద్దాం నాయనా. ఆ రోజుకి తలుపు దగ్గర నేను నిలబడతాలే."

విరూపాక్షం ఎవరి గురించి అడిగాడో ఆయనకి వేరే చెప్పక్కర్లేదు. అప్పటికి మూడేళ్ళుగా ద్వారపాలకుడు తమ్మిరాజు.

తమ్మిరాజుకి రేవు దగ్గర కలప డిపో ఉండేది. విరూపాక్షం, అతనూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. తర్వాత ఒకడు డాక్టరయ్యాడు, ఇంకొకడు తండ్రి డిపోలో కూర్చున్నాడు. సాయంత్రమైతే మాత్రం ఇద్దరూ సముద్రపొడ్డున ఇసకలో కూర్చుని టీ తాగాల్సిందే. ఫ్రీమేసన్లలో చేరింది కూడా ఒకే రోజున. కొత్తగా చేరేవాడి కళ్ళకి గంతలు కట్టడం ఆచారం. ఇద్దరికీ ఒకే రుమాలు చించి కట్టారని పెద్దవాళ్ళు నవ్వుతూ చెప్పుకునేవారు.

ఒక సాయంత్రం విరూపాక్షం చేతిలో గ్లాసులోంచి టీ తొణికి ఇసకలో పడింది. అతను కుడి చెయ్యి చాపి తమ్మిరాజుకి చూపించాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. "కొన్నాళ్ళయింది. రోజురోజుకీ ఎక్కువవుతోంది. ఎవరికీ చెప్పకురా" అన్నాడు. తమ్మిరాజు గుండె మీద చెయ్యి వేసుకుని సరేనన్నాడు. ఆపరేషన్లు చేసే డాక్టరుకి చెయ్యి వణకడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

కొన్నాళ్ళకి, పడవలు బాగుచేసే ఒక మేస్త్రీ కూతురికి గిలక జారి, అంటే గజ్జల్లోకి పేగు దిగి, ఆపరేషన్ అవసరమైంది. ఏడెనిమిదేళ్ళ పిల్ల. విరూపాక్షం బుధవారం చేస్తానన్నాడు. మంగళవారం సాయంత్రం ఆ తండ్రి డిపోలో చెక్కలు కొనడానికొచ్చి, మాటల్లో మాటగా ఆ సంగతి చెప్పాడు. తమ్మిరాజు మొహం మారింది. "పెద్దాసుపత్రికి తీసుకుపో" అన్నాడు. ఎందుకని అతను గుచ్చిగుచ్చి అడిగితే, "డాక్టరు గారి చెయ్యి బాగాలేదు" అనేశాడు.

బుధవారం విరూపాక్షం కత్తులూ కటార్లూ మరగబెట్టించి సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. పిల్ల రాలేదు. సాయంత్రం ఆ తండ్రి వచ్చి, చేతులు కట్టుకుని, దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎవరితోనూ అననని ఒట్టు కూడా వేశాడు. పాపం మంచివాడు, ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు. ఊళ్ళో ఇంకెవరికీ ఆ మాట తెలియలేదు. విరూపాక్షం మాత్రం ఆ రోజుతో ఆపరేషన్లు మానేశాడు. కళ్ళు సరిగ్గా ఆనడం లేదని అందరితో చెప్పి, జ్వరాలకీ దగ్గులకీ మందులిచ్చుకుంటూ కూర్చున్నాడు. చేతిని ఎప్పుడూ జేబులోనే పెట్టుకునేవాడు.

తమ్మిరాజుతో మాట మానేశాడు. కోపమంటే మామూలు కోపం కాదది. ఇంట్లో అన్నం తింటుంటే గుర్తొస్తే ముద్ద దిగేది కాదు. బల్ల మీద పుస్తకాల ఎదుట ఒట్టు పెట్టినవాడు ఒక పడవల మేస్త్రీ అడిగేసరికి కక్కేశాడే అని అతనికి ఒకటే మంట. ఆ మంట మూడేళ్ళయినా ఆరలేదు.

ఇక్కడ ఒక చిక్కొచ్చింది. పేచీ ఉన్న ఇద్దరూ కలిసి లోపల ఉండకూడదు కదా. ఎవరో ఒకరు లాడ్జికి రావడం మానాలి. అలాంటి సమయంలో తమ్మిరాజు తనంతట తాను వచ్చి, తలుపు దగ్గర కాపలా నాకివ్వండని మేష్టారిని అడిగాడు. అందరూ విస్తుపోయారు. రేపో మాపో పెద్ద కుర్చీ ఎక్కాల్సిన మనిషి. ద్వారపాలకుడి పని ఎవరూ అడిగి తీసుకునేది కాదు. సభ చూడకుండా, మాట వినకుండా వరండాలో దోమలు తోలుకుంటూ నిలబడాలి. స్టేషను మాస్టరు కరీముల్లా గారు, "మనకి జయుడు దొరికాడు, విజయుడు ఎక్కడో" అని వేళాకోళం కూడా చేశారు. విరూపాక్షం మాత్రం, నా మొహం చూడలేక బయట నక్కాడులే అనుకున్నాడు.

అప్పణ్ణించీ ప్రతి నెలా ఆ తలుపు దగ్గర ఒక తమాషా జరిగేది. విరూపాక్షం వచ్చేవాడు. తమ్మిరాజు కత్తి పట్టుకుని, ఎటో చూస్తూ, నియమం ప్రకారం అడిగేవాడు.

"లోపలున్న సోదరుల్లో ఎవరితోనైనా నీకు పేచీ ఉందా?"

"లోపలున్నవాళ్ళతో లేదు" అనేవాడు విరూపాక్షం, ఇంకెటో చూస్తూ.

అబద్ధం కాదు. అతనికి పేచీ ఉన్నది బయటివాడితో. నియమంలో బయటివాడి ప్రసక్తి లేదు. అంతమంది ప్లీడర్లున్న సభలో ఒక్కరూ దీనికి అభ్యంతరం చెప్పలేదు. నియమాన్ని అంత చక్కగా పాటిస్తూ అంత చక్కగా పాడుచెయ్యడం వాళ్ళకే చెల్లింది.

ఆ జవాబు తర్వాత తమ్మిరాజు కత్తి గోడకి ఆనించి, ఏప్రన్ పట్టీలు అందుకుని, వెనక ముడి వేసి పంపేవాడు. విరూపాక్షానికే కాదు, వచ్చిన అందరికీ అలాగే వేసేవాడు. ఒక కొస పట్టుకుని లాగితే ఊడిపోయే ముడి. నడుం పట్టేసిన పెద్దవాళ్ళకి అది మహా సుఖంగా ఉండేది. తప్పు చేసినవాడు అందరికీ ఊడిగం చేసి మంచివాడనిపించుకోవాలని చూస్తున్నాడని విరూపాక్షం అనుకున్నాడు. ఆ వేళ్ళు నడుం వెనక తగిలినప్పుడల్లా అతను పళ్ళు బిగించేవాడు.

కొత్త పెద్దని కూర్చోబెట్టే శనివారం వచ్చింది. గడిచిన రెండేళ్ళూ విరూపాక్షం ఏదో వంకతో ఆ శనివారం తప్పించుకున్నాడు. ఆ ఒక్కరోజూ ద్వారపాలకుడు కూడా లోపలికి రావాలి. పాత ఏడాది కత్తి అప్పగించి, కొత్త పెద్ద ఎవరికిస్తే వాళ్ళు తీసుకోవాలి. అందుకని తమ్మిరాజు ముందుగానే లోపలికి వెళ్ళి గోడవార బల్ల మీద కూర్చున్నాడు. అన్న మాట ప్రకారం కత్తి పట్టుకుని తలుపు దగ్గర దేవసహాయం మేష్టారు నిలబడ్డారు. డెబ్భై దాటిన మనిషి, ఆ కత్తిని కర్రలా నేలకి ఆనించుకున్నారు.

విరూపాక్షం చిట్టచివర వచ్చాడు. కొత్త పెద్ద అందరి తర్వాతే రావాలి. తెల్ల ప్యాంటు, నల్ల కోటు, కుడి చెయ్యి కోటు జేబులో. ఏం చెప్పాలో ఇంటి దగ్గరే అనుకుని వచ్చాడు. కత్తి కరీముల్లా గారికిచ్చి, "రహస్యం విలువ తెలిసినవారు" అని ఒక్క మాట అంటాడు. అంతే. తమ్మిరాజుకి అర్థమైపోతుంది. ఆ తర్వాత ఆ మనిషి ఈ గేటు తొక్కడు. ఆ దృశ్యం తలుచుకుంటే అతనికి తృప్తిగానూ ఉంది, అది చూడకుండా ఉంటే బాగుండుననీ ఉంది.

మేష్టారు ప్రశ్న అడక్కుండా ముందు ఏప్రన్ అందించారు.

విరూపాక్షం దాన్ని పొట్టకి ఆనించుకుని, అలవాటు ప్రకారం వెనక్కి తిరిగి నిలబడ్డాడు. వెనక ఎవరూ పట్టీలు అందుకోలేదు.

"కట్టుకో నాయనా" అన్నారు మేష్టారు.

"ద్వారపాలకుడు కదండీ కట్టేది?"

"ఎవరు చెప్పారు? నేను ఈ లాడ్జిలో చేరి నలభై ఏళ్ళు దాటింది. అలాంటి ఆచారం నేను ఎరగను. ఎవరి ముడి వాళ్ళు వేసుకోవడమే. ఇవాళ లోపలున్నవాళ్ళందరూ అలాగే వేసుకుని వెళ్ళారు."

విరూపాక్షం చేతులు వెనక్కి పెట్టి పట్టీలు పట్టుకున్నాడు. ఎడమ చేతిది నిలిచింది. కుడి చేతిది వేళ్ళలోంచి జారిపోయింది. మళ్ళీ అందుకున్నాడు. ఒకదాని మీద ఒకటి వెయ్యగలిగాడు గాని, కొస లోపలికి దూర్చేసరికి వేళ్ళు వణికి అంతా ఊడిపోయింది. ఏప్రన్ జారి పాదాల మీద పడింది. వంగి తీసుకున్నాడు. నుదుట చెమట పోసింది. తలుపు అవతల సోదరులందరూ తన కోసం ఎదురుచూస్తున్నారు. మేష్టారు వరండా చివరి దీపం వైపు చూస్తూ నిలబడ్డారు, సాయం చెయ్యలేదు.

"ఎప్పణ్ణించండీ?" అన్నాడు విరూపాక్షం.  "తమ్మిరాజు అందరికీ ముళ్ళు వెయ్యడం ఎప్పుడు మొదలెట్టాడు?"

"కాపలాకి వచ్చిన రోజు నుంచే. నాకూ వేస్తాడు, సుఖంగానే ఉంటుంది" అన్నారు మేష్టారు. తర్వాత, ఏదో మామూలు సంగతి చెబుతున్నట్టు అన్నారు. "పోయిన వానాకాలంలో నువ్వు జ్వరం వచ్చి ఒక నెల రాలేదు చూడూ. ఆ నెల మా ముళ్ళు మేమే వేసుకున్నాం. తమ్మిరాజు ఎవరి ఏప్రన్ ముట్టుకోలేదు."

విరూపాక్షం ఏప్రన్ ఎడమ చేతిలోకి తీసుకుని, కుడి చెయ్యి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. మూడేళ్ళ శనివారాలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగి వచ్చాయి. ఆ గొడవైన కొత్తలో, తమ్మిరాజు కాపలాకి రాకముందు, ఇదే వరండాలో ముడి పడక తను గోడ వైపు తిరిగి తంటాలు పడిన రోజు గుర్తొచ్చింది. ఎవరూ చూడలేదనుకున్నాడు. గేటు దగ్గర ఎవరో ఆగి, లోపలికి రాకుండా తిరిగి వెళ్ళిపోయారు. ఆ నడక ఎవరిదో ఇప్పుడు తెలిసింది. తన ఒక్కడికే కడితే పదిమందీ ఎందుకని చూస్తారని, అందరికీ కట్టాడు.

అతనికి సిగ్గేసింది. దాని వెనకే ఏడుపొచ్చింది. రెండూ మింగాడు.

మేష్టారు కత్తి ఎత్తి పట్టుకుని, నిటారుగా నిలబడి, నియమం ప్రకారం అడిగారు.

"లోపలున్న సోదరుల్లో ఎవరితోనైనా నీకు పేచీ ఉందా?"

మూడేళ్ళుగా నోటికి అలవాటైన జవాబు ఇవాళ పనికిరాదు. పేచీ ఉన్నవాడు ఇవాళ లోపలే ఉన్నాడు. లేదంటే అబద్ధం. ఉందంటే, తేలేదాకా ఆ తూర్పు కుర్చీ ఖాళీగా ఉంటుంది.

"ఉందండి" అన్నాడు విరూపాక్షం. "బయటికి పిలిపించండి."

మేష్టారు తలుపు తట్టి కబురు చెప్పారు. తమ్మిరాజు వచ్చాడు. మనిషి పాలిపోయి ఉన్నాడు. మేష్టారు కత్తి గోడకి ఆనించి, ఇద్దరి వైపూ చూడకుండా లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

వరండాలో ఇద్దరే మిగిలారు. రేవు వైపు నుంచి ఏదో పడవ మోటారు చప్పుడు వస్తోంది.

"ఈ ముళ్ళు వెయ్యడం ఎందుకు పెట్టుకున్నావు?" అన్నాడు విరూపాక్షం.

"పెద్దవాళ్ళకి చెయ్యి వెనక్కి తిరగదు కదా."

"తమ్మీ, అబద్ధాలాడకు."

తమ్మి అన్న పిలుపు మూడేళ్ళ తర్వాత విన్నాడు తమ్మిరాజు. 

"నువ్వు గోడ వైపు తిరిగి కట్టుకోవడం చూశా. ఇంకెవడి కంటయినా పడుతుందేమోనని భయమేసింది."

"అందుకని వరండాలో నిలబడ్డావా, మూడేళ్ళు?"

"ఇద్దరిలో ఒకడైనా లోపల ఉండాలి కదరా. నీకైతే సభలో చదివే మంత్రాలు బాగా వచ్చు. నాకు నోరు తిరగదు."

విరూపాక్షం నవ్వబోయి ఆగాడు. అసలు ముల్లు ఇంకా లోపలే ఉంది. అది తియ్యకుండా లోపలికి వెళితే ఏం లాభమని అనిపించి, అడిగేశాడు.

"ఆ పిల్ల తండ్రితో చెప్పావే. నా దగ్గరికి వచ్చి, కొయ్యకురా అని ఎందుకు చెప్పలేకపోయావు?"

"ధైర్యం చాల్లేదు" అన్నాడు తమ్మిరాజు వెంటనే, ఎన్నాళ్ళుగానో నోట్లో పెట్టుకున్నట్టు. "నీ మొహం చూసి ఆ మాట అనలేక దొడ్డిదారిన వెళ్ళా. ఒట్టు తప్పా. పిల్ల కోసం తప్పానని సర్దిచెప్పుకుంటూనే ఉన్నా. కానీ ముందు నీ దగ్గరికి రావాల్సింది. అది తప్పే."

 తలుపు అవతల ఎవరో దగ్గారు. విరూపాక్షం జేబులోంచి కుడి చెయ్యి బయటికి తీశాడు.

"వచ్చి చెప్పినా నేను వినేవాణ్ణి కాదురా" అన్నాడు. "నిన్ను తిట్టి పంపేసి, ఆ బుధవారం కోసేవాణ్ణే. చెయ్యి ఇలాగే ఉండేది. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. నాకు నీ మీద కాదు కోపం."

ఆ మాట అతను భార్యతో కూడా అనలేదు. అనేశాక ఒళ్ళు తేలికయినట్టనిపించి, కళ్ళు తుడుచుకున్నాడు.  తమ్మిరాజు కళ్ళూ తడిగానే ఉన్నాయి.

"పిల్ల ఎలా ఉంది?" అన్నాడు విరూపాక్షం.

"మొన్న డిపోకి వచ్చింది వాళ్ళ నాన్నతో. కలప దుంగల మీద ఎక్కి ఒకటే గెంతులు. పడతావే అని కేకలేశాను."

విరూపాక్షం తలాడించాడు. చేతిలో ఉన్న ఏప్రన్ పొట్టకి ఆనించుకుని, తమ్మిరాజు వైపు వీపు తిప్పి నిలబడ్డాడు. తమ్మిరాజు పట్టీలు అందుకుని ముడి వేశాడు. కొస పట్టుకుని లాగితే ఊడిపోయే ముడే. ఈసారి విరూపాక్షం పళ్ళు బిగించలేదు. తర్వాత తమ్మిరాజు గోడకి ఆనించిన కత్తి తీసుకున్నాడు, ఇద్దరూ కలిసి తలుపు తట్టారు.

ఇద్దరూ పక్కపక్కన లోపలికి రావడం చూసి సభంతా ఒక్కసారి కదిలింది. నియమం తెలిసినవాళ్ళు కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. బయట కాపలాకి కరీముల్లా గారు లేచి వెళ్ళారు. మేష్టారు విరూపాక్షం చెయ్యి పట్టుకుని తూర్పు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ ఏడాది కత్తి ఎవరికో చెప్పమన్నారు.

తమ్మిరాజు తెచ్చి బల్ల మీద పెట్టిన కత్తిని విరూపాక్షం అందుకున్నాడు. రెండు చేతులతో పట్టుకున్నా అది దీపం వెలుగులో తళతళా వణికింది. అందరూ చూశారు. అతను దాచలేదు.

"సోదరులారా, నా చెయ్యి వణుకుతుంది" అన్నాడు. "నాలుగేళ్ళ నుంచీ వణుకుతోంది. మీకెవరికీ తెలియకుండా దీన్ని ఒక సోదరుడు కాపలా కాశాడు. ఇకనుంచి దీనికి కాపలా అక్కర్లేదు. తలుపుకి మాత్రం ఆయనే కావాలి."

తమ్మిరాజు వచ్చి కత్తి అందుకున్నాడు. కాసేపు దాని మీద నాలుగు చేతులున్నాయి. ఎవరో ముక్కు చీదిన చప్పుడు వినపడింది.

భోజనాల దగ్గర విరూపాక్షం గ్లాసు పట్టుకుంటే మజ్జిగ తొణికింది. పక్కనున్న ప్లీడరు ఏమీ జరగనట్టు తువ్వాలు అందించాడు. అది కూడా బాగానే ఉందనిపించింది అతనికి. భోజనాలయ్యాక, మేష్టారు చేతులు కడుక్కుని వస్తుంటే ఎదురు వెళ్ళాడు.

"మేష్టారూ, పోయిన నెల నేనొక ప్రశ్న అడిగాను. తప్పు ప్రశ్న. కానీ మీకు అప్పటికే అన్నీ తెలుసు కదండీ. అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

మేష్టారు తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నారు.

"నువ్వా ప్రశ్న అడిగినప్పుడు ఏప్రన్ కట్టుకునే ఉన్నావు నాయనా" అన్నారు. "నేను నీ వెనక నిలబడి ఉన్నాను. తమ్మిరాజు వేసిన ముడి నాకు కనపడుతోంది గాని, నీకు చేత్తో తడుముకుంటే తప్ప తెలియదు."